మూలిగే ఫ్యాను

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, కృష్ణబిలాల గురించో అణుశక్తి గురించో రాద్దామని లైబ్రరీలో కూర్చున్నాను. రెండు పేజీలు రాసేసరికి నాకే నిద్ర వచ్చింది. ఇక చదివేవాళ్ల సంగతి చెప్పేదేముంది! కనుక ఆ కాగితాలు పక్కన పెట్టి, నేను కళ్లారా చూసి, చేతులారా విప్పిన ఒక వస్తువు గురించి రాస్తున్నాను. అది భువనగిరిలో మా మేనత్త ఇంటి ఏ.సి. బయటి పెట్టెలోని ఫ్యాను. మే నెలలో ఒక ఆదివారం అది తిరగడం మానేసింది.

ఏ.సి. అనగానే కొందరు మిత్రులు నవ్వవచ్చు. మాది వ్యవసాయ కుటుంబం. వరి, కొంచెం పత్తి. మా ఇంట్లో ఏ.సి. లేదు, మా అత్తమ్మ ఇంట్లో కూడా షోకుకు పెట్టింది కాదు. మా మామకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఇరవై నాలుగ్గంటలూ మంచం మీదనే. చెమటకు వీపు ఒరిసిపోయి పుండ్లు పడుతుంటే, గది చల్లగా ఉంచమని డాక్టరు చెప్పాడు. అప్పుడు ఎవరో అమ్ముతుంటే ఒకటిన్నర టన్నుల పాత ఏ.సి. కొన్నారు. భువనగిరి ఎండ సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సుమారు 500 అడుగుల ఎత్తు ఏకశిల మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట ఉంది చూశారూ, చరిత్ర విద్యార్థులకు అది గొప్ప కట్టడం. గుట్ట కింద ఇల్లున్న మా అత్తమ్మకు మాత్రం అది పగలంతా కాగి, రాత్రి పన్నెండింటి దాకా సెగ కక్కే పెద్ద పెనం.

ఆ ఆదివారం నేను పోయేసరికి ఇంట్లో చిన్న తగువు నడుస్తున్నది. మా నాయిన ఊరి నుంచి బియ్యం బస్తా వేసుకొని వచ్చి ఉన్నాడు. పొద్దున వచ్చిన మెకానిక్ "కండెన్సర్ పోయింది, తొమ్మిది వేలైతది" అని చెప్పి పోయాడట.

"కమ్మలు కుదువ పెడితె ఏమైతది అన్నా, ఆయనకు గాలి రాకపాయె" అని అత్తమ్మ.

"కండెన్సర్ అంటె నూరు రూపాల సామాను చెల్లె. మన బోరు డబ్బల ఎన్ని మార్చలేదు నేను? నిన్ను బేకూఫును చేసిండు వాడు" అని నాయిన.

నిజానికి ఇద్దరూ రెండు వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. ఏ.సి. బయటి పెట్టెలో వెనుక వైపు సన్నని అల్యూమినియం రేకుల మధ్య రాగి గొట్టాల చుట్ట ఉంటుంది. లోపలి గదిలో వేడిని మోసుకొచ్చిన గ్యాసు ఇక్కడ ఆ వేడిని వదిలి ద్రవమవుతుంది. ఆవిరి ద్రవం కావడాన్ని మనం పుస్తకాల్లో కండెన్సేషన్ అని చదువుకున్నాం గదా, అందుకని దాన్ని కండెన్సర్ అంటారు. దాని ధర నిజంగానే వేలల్లో ఉంటుంది. ఇక విద్యుత్తును దాచుకునే డబ్బీని మనం ఇప్పుడు కెపాసిటర్ అంటున్నాం కాని, దానికి కూడా కండెన్సర్ అని పేరు పెట్టినవాడు ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా, 1782 లో. పుస్తకాల వాళ్లు ఆ పేరును ఎప్పుడో మార్చుకున్నారు. మన ఊళ్లల్లో ఫ్యాన్ల దుకాణాలవాళ్లు, బోరు మెకానిక్కులు మాత్రం ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. ఒకే పేరుతో రెండు సామాన్లు, ఒకదాని ధర నూరు, రెండోదాని ధర వేలు. ఆ మెకానిక్ దొంగ అని నేను అనను. చుట్ట నిజంగానే మసలుతున్నంత వేడిగా ఉంది, దాని మీద వేలెడు మందాన దుమ్ము ఉంది. అతను కనిపించినదాన్ని చెప్పాడు. చుట్ట ఎందుకు వేడెక్కిందన్నది ఇంకొక ప్రశ్న.

బయటికి పోయి విన్నాను. పెట్టెలో గూం అని కంప్రెసర్ చప్పుడు. దాని మీద సన్నగా ఒక మూలుగు. ఫ్యాను రెక్కలు మాత్రం కదలడం లేదు. నాలుగైదు నిమిషాలకు టక్ మని అంతా ఆగిపోయింది. చాలాసేపటికి మళ్లీ గూం. లోపల గదిలో వచ్చే గాలి మామూలు గాలే.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. ఏ.సి. లో టన్ను అంటే మిషను బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అనగా 907 కిలోల మంచుగడ్డ ఇరవై నాలుగ్గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని అదే కాలంలో గదిలోంచి తీసే శక్తి. అది సుమారు 3.5 కిలోవాట్లకు సమానం. మా అత్తమ్మది ఒకటిన్నర టన్ను కాబట్టి 5.3 కిలోవాట్లు. దీనికి కంప్రెసర్ తినే కరెంటు ఒకటిన్నర కిలోవాట్లకు పైమాటే కలుపుకుంటే, బయటి పెట్టె దగ్గర ఏడు కిలోవాట్ల వేడి పోగవుతుంది. స్నానానికి నీళ్లు కాచే కిలోవాటు హీటర్లు ఏడు ఒకేసారి వెలుగుతున్నట్టు అనుకోండి. ఆ వేడినంతా ఊడ్చి వీధిలో పారబోయవలసింది ఆ ఒక్క ఫ్యానే. అది ఆగితే గొట్టాల్లో గ్యాసు చల్లబడదు, పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ లాగే కరెంటు పెరుగుతుంది. చివరకు దాని మీద ఉండే రక్షక స్విచ్చు వేడికి తెరుచుకొని దాన్ని ఆపేస్తుంది. టక్ మన్నది ఇదే. ఇట్లా రోజంతా ఆగుతూ లేస్తూ ఉంటే, నూరు రూపాయల జబ్బు కాస్తా కంప్రెసర్ కాలిపోయే జబ్బుగా మారుతుంది. అందుకని ముందు స్విచ్చు ఆపించాను.

ఇక్కడ నాయిన అడ్డం వచ్చాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా పాలోళ్ల చిన్నాయన ఒకాయన స్టార్టరు డబ్బా దగ్గర తడిచేతులతో ఫ్యూజు వేయబోయి అక్కడికక్కడే పోయాడు. నాయినే పొలం కాడినుంచి మోసుకొచ్చాడు. అప్పటినుంచి ఇంట్లో నేను బల్బు మార్చినా ఊరుకోడు. "సదువుకునేటోనివి, కరెంటు జోలికి నీకేంది?" అన్నాడు. నేను చేయబోయేదంతా ముందే వరసగా చెప్పాను. విని, పోయి ఎం.సి.బి. డబ్బా ముందర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నేను అడిగితే తప్ప ఎవ్వరూ దాన్ని ముట్టరాదని ఆయన షరతు. సాయంత్రం దాకా మంచినీళ్లకు కూడా లేవలేదు.

ముందు సులువైనవి చూశాను. కొన్నిసార్లు ఫ్యానుకు ఏ జబ్బూ ఉండదు. గది కావలసినంత చల్లబడితే కంప్రెసర్, బయటి ఫ్యాను రెండూ ఆగుతాయి, ఆపి వేసిన వెంటనే మూడు నిమిషాల దాకా మళ్లీ లేవవు. ఇక్కడ కంప్రెసర్ నడుస్తూ ఫ్యాను ఒక్కటే ఆగింది కాబట్టి అది కాదు. రెండూ ఆగి ఉంటే కరెంటు రావడం లేదనో, రిలే అంటుకోవడం లేదనో వేరే దారిలో వెతకాలి. తరువాత వోల్టేజి. మీటరు 215 చూపింది, ఫరవాలేదు. ఊళ్లల్లో దీన్ని తప్పక చూడాలి. ఈ రకం మోటరు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండవలసిన చోట 180 వస్తే, వోల్టేజి ఐదో వంతు తగ్గినట్టే కనబడుతుంది కాని బలం నూటికి అరవై ఒకటికి పడిపోతుంది.

ఎం.సి.బి. ఆపించి జాలీలోంచి చూశాను. ఒక పాలిథీన్ కవరు, పావురాలు తెచ్చిన పుల్లలు, ఎండిపోయిన బల్లి ఒకటి. అవి తీసి రెక్కను చేత్తో తిప్పితే నాలుగైదు చుట్లు హాయిగా తిరిగింది. బిగుసుకొని ఉంటేనో, గరగరమంటేనో బేరింగు పోయినట్టు. అప్పుడు మోటరు విప్పవలసి వచ్చేది.

తరువాత నాయినతో కరెంటు వేయించి, మూలుగు మొదలవగానే ఎండిన సన్నని వెదురుపుల్లతో జాలీ బయటినుంచి రెక్కను కొంచెం తోసి పుల్ల లాగేశాను. ఫ్యాను మెల్లగా అందుకొని తిరగసాగింది! అత్తమ్మ "అయిపాయె, మంచిగైంది" అని సంబరపడింది. మంచి కాలేదు, కాని జబ్బేమిటో తెలిసింది. (ఈ పుల్ల పరీక్ష ఎవరూ వేలితో చేయకూడదు. ఒక్కసారి అందుకుంటే వేలు ఉండదు.)

తోస్తే తిరిగేది, తోయకపోతే మూలిగేది ఎందుకు? దీనికి జవాబు మన అమ్మలందరికీ తెలుసు. కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది గదా. పలక తొక్కగానే చక్రం తిరగదు. కాలు పైకీ కిందికీ ఆడుతుంది, దానికి ముందూ వెనుకా తెలియదు. అందుకని అమ్మ ముందు చేత్తో పైచక్రాన్ని తన వైపు ఒక్కసారి తిప్పి, ఆ తరువాత తొక్కుతుంది. వెనక్కి తిప్పితే వెనక్కే పోయి దారం తెంపుతుంది. మన ఇండ్లకు వచ్చే సింగిల్ ఫేజు కరెంటు కూడా అట్లాగే సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. దానివల్ల మోటరులో పుట్టే అయస్కాంత క్షేత్రం ఒకే గీత మీద ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. లెక్క ప్రకారం దాన్ని ఎదురెదురుగా తిరిగే రెండు క్షేత్రాల మొత్తంగా రాయవచ్చు. నిలబడి ఉన్న రోటరును రెండూ సమానంగా చెరొక వైపు లాగుతాయి. కాబట్టి కదలదు, మూలుగుతుంది. ఎటో ఒకవైపు తోస్తే ఆ వైపుది గెలుస్తుంది.

ఇప్పుడు ఆ మిషనుకు రెండు పలకలు పెట్టి, ఒకటి పైకొసన ఉన్నప్పుడు రెండోది సగంలో ఉండేటట్టు ఒకే చక్రానికి కట్టామనుకోండి. అప్పుడు చేత్తో తిప్పనక్కరలేదు, దిక్కు కూడా ముందే ఖాయం. మోటరులో రెండో పలక వంటిది రెండో వైండింగు. దాన్లో కరెంటును ముందుకు జరిపేది కెపాసిటర్. మనం లేబొరేటరీలో ఎల్.సి.ఆర్. సర్క్యూటు చేసేటప్పుడు, కెపాసిటర్లో కరెంటు వోల్టేజికి ముందు నడుస్తుందని రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాం. నిజం చెప్పాలంటే నేను అది పరీక్ష కోసం బట్టీపట్టాను. పెట్టె ముందు కూర్చున్నప్పుడు గాని ఆ వాక్యానికి అర్థముందని తోచలేదు. రెండు వేరు అడుగుల్లో నడిచే కరెంట్లతో తిరిగే క్షేత్రాన్ని పుట్టించవచ్చునని 1888 లో ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా ఎవరికి వారే లోకానికి తెలియజేశారు. మన సీలింగ్ ఫ్యాను, కూలరు, ఈ బయటి ఫ్యాను అన్నీ ఆ మూలసూత్రం మీదనే తిరుగుతున్నాయి.

అయితే కెపాసిటరేనని నిశ్చయమైనంత మాత్రాన వెంటనే చేయి పెట్టకూడదు. స్విచ్చు ఆపినా దాన్లో ఛార్జి మిగలవచ్చు. మామూలుగా వైండింగుల గుండా అది ఖాళీ అవుతుంది, కాని ఎక్కడైనా తీగ తెగి ఉంటే పోయే దారి లేక అక్కడే కాచుకొని ఉంటుంది. కంప్రెసరుకు ఉన్నది 36 మైక్రోఫారడ్లది. 230 వోల్టుల శిఖరం 325 వోల్టులు. లెక్కేస్తే దాచుకున్న శక్తి సుమారు 1.9 జౌళ్లు. ఇది తక్కువే కదా అనుకుంటాం, కాని నిచ్చెన మీద ఉన్న మనిషిని కింద పడేయడానికి చాలు. స్క్రూడ్రైవరుతో టపీమని కలిపేవాళ్లను చాలామందిని చూశాను, అది మంచి పద్ధతి కాదు. 20 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును తొడుగున్న తీగలతో రెండు కొసలకు తాకించి ఉంచితే, ఓములను ఫారడ్లతో హెచ్చిస్తే 0.72 సెకండ్లు, దానికి ఐదు రెట్లు, అంటే నాలుగు సెకండ్లలోపే దాదాపు ఖాళీ. నేను పది లెక్కపెట్టి, మీటరుతో సున్నా చూసి, అప్పుడు ముట్టుకున్నాను. నాయిన అక్కడినుంచే "సున్నా వచ్చిందా?" అని రెండుసార్లు అడిగాడు.

ఫ్యాను కెపాసిటర్ మీద 4 మైక్రోఫారడ్లు, 5 శాతం అటూ ఇటూ, 440 వోల్టులు అని ఉంది. మీటరు 1.1 అని చూపింది. నాలుగుంటే కరెంటుకు అది పెట్టే అడ్డు సుమారు 800 ఓములు, 1.1 కి అది 2900 ఓములు. రెండో వైండింగుకు చేరే కరెంటు చిక్కిపోయిందన్నమాట. రెండో కాలు ఉన్నా బలం లేదు. ఆ మాట అనుకోగానే నాకు లోపల మంచం మీద ఉన్న మామ గుర్తుకు వచ్చాడు, కాసేపు పని సాగలేదు.

ఇది ఉబ్బలేదు, పగలలేదు, పైకి కొత్తదానిలాగే ఉంది. లోపల సన్నని ప్లాస్టిక్ పొర మీద అంతకన్నా సన్నని లోహపు పూత ఉంటుంది. పొర ఎక్కడైనా చిల్లిపడితే ఆ చోట చుట్టూ పూత ఆవిరైపోయి చిల్లి తనంతట తానే మానుతుంది. మంచి ఏర్పాటే, కాని మానిన ప్రతిసారీ కొంత పూత పోతుంది, సామర్థ్యం తరుగుతుంది. మే నెలలో ఆ రేకుపెట్టె వేడి ఆ పనిని త్వరపెడుతుంది. పైగా మోటరు నడిచేటప్పుడు కెపాసిటర్ మీద పడే వోల్టేజి ఇంటి వోల్టేజి కన్నా ఎక్కువ. ఇంటికి వచ్చేది 230 అయినా దాని మీద 440 అని రాసి ఉండటానికి కారణం అదే.

మోటరు వైండింగును కూడా చూడకుండా కొత్త కెపాసిటర్ కొనడం బుద్ధితక్కువ. మూడు తీగల మధ్య రెండేసి చొప్పున కొలిస్తే 182, 148, 330 ఓములు వచ్చాయి. పెద్దది మిగతా రెంటి మొత్తానికి సమానంగా ఉంటే వైండింగులు బాగున్నట్టు. తీగకూ రేకు బాడీకీ మధ్య ఏమీ చూపకూడదు, చూపలేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా రాయాలి. ఆదివారం కదా, బజారులో తెరిచి ఉన్న ఒక్క ఎలక్ట్రికల్ దుకాణంలో సీలింగ్ ఫ్యానుకు వేసే 2.5 మైక్రోఫారడ్లదే దొరికింది. "1.1 కన్నా నయమే గదా" అని అదే బిగించాను. ఫ్యాను తనంతట తానే లేచింది, అత్తమ్మ నా నెత్తి మీద చేయి పెట్టి దీవించింది. అరగంటకు మోటరు కాలుతున్న వాసన కొట్టింది, వేగం చాలక కంప్రెసర్ మళ్లీ టక్ మంది. ఆపేశాం. తక్కువ వేసినా మోటరు వేడెక్కుతుంది, ఎక్కువ వేసినా వేడెక్కుతుంది. దాని మీద ఎంత రాసి ఉంటే అంతే వేయాలి. ఆ రాత్రి మామకు టేబుల్ ఫ్యాను పెట్టి, కిటికీకి తడి దుప్పటి కట్టి, నేనూ నాయినా వంతులవారీగా ఆయన్ను పక్కకు తిప్పుతూ కూర్చున్నాం. ఆయన మాట రాదు. ఎడమచేత్తో నా మోకాలు మీద తట్టి, పడుకో అని సైగ చేశాడు.

సోమవారం పొద్దున రైలుకు హైదరాబాదు పోయి, కోఠి గుజరాతీ గల్లీలో 4 మైక్రోఫారడ్లది 110 రూపాయలకు తెచ్చాను. ఆ వేళ కాలేజీకి రాకపోవడానికి కారణం ఇదేనని మా లెక్చరర్ గారికి ఈ వ్యాసం ద్వారా మనవి చేసుకుంటున్నాను. బిగించి వేయగానే ఫ్యాను మూలగకుండా లేచింది. ఎటు తిరుగుతున్నదో కూడా చూడాలి. తీగలు తారుమారైతే వెనక్కి తిరిగి, గాలిని వీధిలోకి నెట్టే బదులు చుట్ట మీదికి నెడుతుంది. చుట్ట గుండా గాలి లాగి జాలీలోంచి మన ముఖం మీద కొట్టాలి. న్యూసుపేపరు ముక్క పెట్టి చూశాను, ఎగిరిపోయింది. తరువాత చుట్టను మెత్తని బ్రష్షుతో దులిపి, లోపలినుంచి బయటికి నీళ్లు కొట్టి దుమ్ము వదిలించాం. మోటరుకు పాలిథీన్ కట్టి, ఎం.సి.బి. ఆపించే చేశామని వేరే చెప్పాలా.

కొత్తగా వస్తున్న ఇన్వర్టర్ ఏ.సి.లకు ఈ కథ వర్తించదని తప్పక హెచ్చరించాలి. వాటిలో బయటి ఫ్యానుకు తరచు డి.సి. మోటరు ఉంటుంది, దాన్ని తిప్పేది ఎలక్ట్రానిక్ బోర్డు. పుల్ల పరీక్ష అక్కడ ఏమీ చెప్పదు. బోర్డు మీద 300 వోల్టులకు పైగా డి.సి. ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్లకే వదలాలి, నేనైనా ముట్టను.

గంటలో గది చల్లబడింది. నాయిన అప్పుడు గాని కుర్చీలోంచి లేవలేదు. పాత కెపాసిటర్ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి మన బోరు మోటరుకు ఇది లేకుండ ఎట్ల లేస్తది?" అని అడిగాడు.

పొలానికి వచ్చేవి మూడు ఫేజులు, మూడూ ఒకదాని వెనుక ఒకటి అడుగు వేస్తాయి, కనుక తిరిగే క్షేత్రం దానంతటదే పుడుతుందని, కుట్టుమిషనుకు మూడు పలకలున్నట్టేనని చెప్పాను. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగ్గంటల కరెంటు ఇవ్వడం మొదలయింది. అంతకు ముందు మూడు ఫేజులు కొన్ని గంటలే వచ్చేవి. మిగతా వేళ సింగిల్ ఫేజు మీద రైతులు పెద్ద కెపాసిటర్లు తగిలించి బోరు నడిపేవాళ్లు. మూడోదాన్ని కెపాసిటర్ అరువు తెస్తుంది గాని పూర్తిగా తేలేదు. ఒక వైండింగు మీద భారం ఎక్కువై అది మాడిపోతుంది. "అట్లనా? నావి రెండుసార్లు కాలినయి" అన్నాడు నాయిన. ఎంత ఖర్చయిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. మూలుగు వినపడంగనే ఉరికిపోయి బంద్ చేయాలె అని మాత్రం ఆయనకు అప్పటినుంచీ తెలుసట.

బస్సెక్కేటప్పుడు ఆ పాత డబ్బీని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. చెడిపోయింది గదా ఎందుకు నాయినా అంటే, "ఉండనీ, ఊళ్లె ఎవడన్న దీనికి తొమ్మిది వేలంటె చూపెడత" అన్నాడు.